ఎడమ పెట్టె

జిగురమ్మ స్పీకర్‌ను ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, చిన్న బ్యాటరీకి తగిలించిన రెండు వైర్లను దాని ఇత్తడి పలకలకు ఆనించింది. గరాటులాంటి నల్ల కాగితం కోన్ టప్పుమని గింజంత ముందుకు వచ్చి ఆగింది. వైర్లు తీసేస్తే వెనక్కి సర్దుకుంది. మళ్ళీ ఆనించింది. మళ్ళీ ముందుకే వచ్చింది. పేరు పెట్టి పిలవగానే గుమ్మంలోకి వచ్చి నిలబడే మనిషిలా ఉంటుంది ఆ కదలిక. ఇది కుడి పెట్టెలోది. కుళ్ళి జిడ్డు కట్టిన ఫోమ్ అంచును గీకి తీసి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త రింగు అతికించి, ఒక పగలూ ఒక రాత్రీ బరువు కింద ఆరబెట్టింది. దీని పని అయిపోయింది.

దాన్ని బట్ట మీద పెట్టి, ఎడమ పెట్టెలోదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. దీనికీ రింగు చక్కగా కూర్చుంది. కోన్ వెనక నుంచి జడల్లా అల్లిన రెండు సన్నటి తీగలు ఇత్తడి పలకల మీదికి వచ్చి ఆగుతాయి. ఒక పలక పక్కన ఎర్ర చుక్క ఉంది. ఆమె టంకం కర్ర వేడెక్కిందో లేదో తడిగుడ్డకు తాకించి చూసుకుని, రెండు జడలనూ విప్పింది. ఎర్ర చుక్క దగ్గరున్నదాన్ని అవతలి పలకకు, అవతలిదాన్ని ఎర్ర చుక్క దగ్గరికి మార్చి టంకం పెట్టింది. పాత టంకం ఎంత లావుందో అంతే లావు. మెరుపు కనపడకుండా దాని మీద వేలితో కాస్త మసి రాసింది. చల్లారాక బ్యాటరీ ఆనించింది.

కోన్ వెనక్కి పోయింది.

"ఊఁ" అంది, ఎవరో అడిగినదానికి ఒప్పుకున్నట్టు.

రెండు పెట్టెలూ ఒకేసారి ముందుకు అడుగేస్తే పాడే మనిషి సరిగ్గా వాటి నడుమ వచ్చి నిలబడుతుంది. ఒకటి ముందుకు వేసినప్పుడు రెండోది వెనక్కి వేస్తే, ఆ మనిషికి నిలబడే చోటుండదు. మంద్ర స్వరాలు ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి. పాట ఉంటుంది, మాటలుంటాయి, వాయిద్యాలుంటాయి. గొంతు మాత్రం గోడల వెంట తిరుగుతూ ఉంటుంది. వినేవాడికి ఏదో తేడాగా ఉంటుంది, ఆ తేడా ఏమిటో చెప్పలేడు. పెట్టె విప్పి చూసినా ఎర్ర వైరు ఎర్ర చుక్కకే ఉంటుంది, నల్లది నల్లదానికే ఉంటుంది. బ్యాటరీ పెట్టి చూస్తే తప్ప బయటపడదు. బ్యాటరీ పెట్టి చూడడం ఆ దుకాణంలో జిగురమ్మ ఒక్కదానికే తెలుసు.

ఆమెకు అరవై మూడేళ్ళు. పాత స్టీరియోలు అమ్మే దుకాణం వెనక, ఒక కిటికీ ఉన్న గదిలో ముప్పై ఏళ్ళుగా కూర్చుంటోంది. గోడల పొడుగునా అలమరలు, వాటిలో సైజుల వారీగా రింగులున్న రేకు డబ్బాలు. జిగురు వేళ్ళ మీద పొరలు పొరలుగా ఎండి, కొత్త చర్మంలా తయారైంది. ఒకసారి ఏదో కాగితం పనికి ఆఫీసుకు వెళ్తే వేలిముద్ర మెషీన్ ఆమెను ఒప్పుకోలేదు. "అమ్మా, మీరు మీరేనా?" అని అడిగాడు అక్కడి గుమాస్తా. "నిన్నటిదాకా నేనే నాయనా" అందామె. జిగురమ్మ అన్న పేరు పెట్టింది దుకాణం యజమాని. ఆయన ఆమెకు బావ, సొంత అక్క భర్త. ఈ జత కూడా ఆయనదే. అమ్మకానికి వచ్చింది కాదు, ఆయన ఇంట్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉన్నది. ఇంతకాలానికి ఫోమ్ కుళ్ళింది కనుక గడప దాటింది.

స్పీకర్‌ను పెట్టెలోకి దించే ముందు జిగురమ్మ దాన్ని తిప్పి వెనకవైపు మరోసారి చూసింది. అయస్కాంతం మీద ఎర్ర పెన్సిల్‌తో 'ఎడమ' అని రాసి ఉంది. నాన్న రాత.

నాన్న రేడియోలు బాగుచేసేవాడు. అతికించడం, ఆరేదాకా ఓపిక పట్టడం, ముందు తుడిచి తర్వాత మాట్లాడడం ఆమెకు ఆయనే నేర్పాడు. ఆయనకంటూ ఉన్న గొప్ప వస్తువు ఒక జత స్పీకర్లే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన రికార్డు పెడితే అమ్మ పీట వేసుకుని సరిగ్గా మధ్యలో కూర్చునేది. ఆయన పోయిన నెలకు బావ వచ్చి, "అత్తయ్యా, ఒకసారి దుకాణంలో చూపించి తెస్తాను, తీగలు పాతబడ్డాయి" అని పెట్టెలు పట్టుకెళ్ళాడు. వారానికి తెచ్చిచ్చాడు. అవే పెట్టెలు, అదే చెక్క, కాలు విరిగిన మూలలో అదే మేకు. అమ్మ పీట వేసుకుని కూర్చుంది. కాసేపటికి లేచింది.

"గొంతు పోయిందే" అంది.

బావ వచ్చి పెట్టె మీద వేళ్ళతో తాళం వేసి నవ్వాడు. "పెట్టె బాగానే ఉందత్తయ్యా. చెవులకు వయసొచ్చింది."

అందరూ నవ్వారు. జిగురమ్మ కూడా నవ్వింది.

ఆ తర్వాత అమ్మ ప్రతిదానికీ "ఏమన్నావ్?" అనడం మొదలుపెట్టింది. తలుపు కొడితే లేచేది కాదు, కొట్టారో లేదో నమ్మకం లేక. పక్కింటివాళ్ళు కబుర్లకు వస్తే నవ్వాల్సిన చోట ఒక క్షణం ఆగి, అందరూ నవ్వాక నవ్వేది. చివరి ఏడాది పిలిచినా పలకలేదు. తప్పుగా పలుకుతానేమోనని భయం. ఆరేళ్ళు అలా బతికి పోయింది. పోయిన పదో రోజున జిగురమ్మ ఆ పెట్టెలు విప్పింది. నాన్న స్పీకర్ల చోట పనికిమాలిన అట్టముక్కల్లాంటివి రెండు ఉన్నాయి. వాటి అయస్కాంతాలు తేలిక. ఎత్తి చూస్తే తెలిసిపోతుందని పెట్టె అడుగున చెరొక నాపరాయి ముక్క అతికించి ఉంది. అతికించిన జిగురులో నల్లటి పొడి కలిసి ఉంది. జిగురులో ఆ పొడి కలపడం జిగురమ్మ అలవాటు. దుకాణంలో ఆమె కలిపి ఉంచిన డబ్బాలోంచే తీశారు.

బావను అడగలేదు. ఆమె భర్త పెళ్ళయిన నాలుగో ఏట పని వెతుక్కుంటూ వెళ్ళి, ఉత్తరాలు తగ్గిస్తూ తగ్గిస్తూ మానేశాడు. నాన్న, అమ్మ పోయారు. మిగిలింది అక్క. అడిగితే ఆ తలుపు కూడా మూసుకుంటుంది. అక్కకు ఇదేమీ తెలియదని, పాట పెడితే నిద్రపోయే మనిషి అని ఆమెకు గట్టి నమ్మకం. నాన్న స్పీకర్లను బావ ఎవరికో అమ్మేశాడని అనుకుంది. ఇరవై రెండేళ్ళు అలా అనుకుంటూనే పని చేసింది. మూడు రోజుల కిందట బావ ఇంటి నుంచి వచ్చిన ఈ పెట్టెలు విప్పి, ఎర్ర పెన్సిల్ రాత చూసింది. బావ వాటిని తన పెట్టెల్లోనే పెట్టుకున్నాడు. పండగలకూ పబ్బాలకూ వాళ్ళింటికి వెళ్ళి తను విన్నది ఇదే. దాన్ని తన చేతికే పంపాడు. ఆయనకు గుర్తులేదా, గుర్తుండి దీనికేం తెలుస్తుందిలే అనుకున్నాడా? ఏది ఎక్కువ తప్పో మూడు రోజులుగా తేల్చుకోలేకపోయింది. రెండూ లెక్కలో వేసుకుంది.

నాలుగు మరలూ బిగించింది. పెట్టెకు గుడ్డ తొడిగింది.

పది గంటలకు లెక్కల మాస్టారు భార్యతో వచ్చాడు. చేతిలో బుజ్జి పాపాయిని ఎత్తుకున్నట్టు ఒక పెట్టె, వెనక ఆవిడ చేతిలో రెండోది. వారం కిందట ఎవరి దగ్గరో పాత జత తీసుకున్నాడట.

"అమ్మా, ఇవి ఒరిజినలేనని చెప్పి ఇచ్చాడండీ."

జిగురమ్మ కళ్ళజోడు నుదుటి మీది నుంచి దించుకుని వంగి చూసింది. "చెక్క ఒరిజినలే" అంది.

"చూశారా? నేనప్పుడే అన్నాను" అంది భార్య.

"నువ్వేమన్నావ్? రంగు బాగోలేదన్నావ్."

"రంగు బాగోలేనిది లోపల మాత్రం ఏం బాగుంటుంది?"

జిగురమ్మ పైనున్న చిన్న స్పీకర్ చుట్టూ వేలితో చూపించింది. "ఇదిగో చూడండి మాస్టారూ. మర తలలు గీరుకుపోయాయి. చిల్లును ఉలితో పెద్దది చేశారు. ఇది ఈ పెట్టెతో పుట్టింది కాదు. తర్వాత ఎవరో తెచ్చి కూర్చోబెట్టారు, ఇల్లరికం అల్లుడిలాగా."

"మా అల్లుడే నయమమ్మా, కీచుమనడు" అంది ఆవిడ. "ఈయన ఇంట్లో ఎవరు పిలిచినా పలకరు. దీంట్లో ఒకవైపు కీచు ఎక్కువైందని మాత్రం వారం నుంచి నిద్రపోవడం లేదు."

మాస్టారు సిగ్గుపడుతూ, "నా భ్రమేమో అనుకున్నానండీ. చెవులు తేడా చేశాయేమోనని" అన్నాడు.

"లేదండీ" అంది జిగురమ్మ, తల ఎత్తకుండానే. "మీ చెవులు బంగారం లాంటివి. తేడా పెట్టెలోనే ఉంది. వచ్చే వారం రండి, దీని జోడు వెతికి పెడతాను."

మాస్టారు భార్య వైపు చూశాడు, పరీక్షలో పాసైన పిల్లాడిలా. అలా అనుమానంతో వచ్చిన వాళ్ళెవరినీ జిగురమ్మ ఆ మాట చెప్పకుండా పంపలేదు.

వాళ్ళు వెళ్ళిన కాసేపటికి దుకాణం ముందువైపు నుంచి అత్తరు వాసన వచ్చింది. వాసన వెనకే బావ. డెబ్బై రెండేళ్ళు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, దువ్వి వెనక్కి అంటించిన జుట్టు. వెనక సామాన్ల బండి నడిపే అతను.

"జిగురమ్మా! నా పిల్లలు లేచారా?"

"లేచారు బావా. మీకోసమే చూస్తున్నారు."

"ఒరేయ్, ముందుగదిలో పెట్టు. గోడకు అంగుళం ఎడం. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. మారిస్తే చంపేస్తాను."

బావ జన్మలో వైరు ముట్టుకున్నవాడు కాదు. పక్కన నిలబడి అరవడం ఆయన వంతు. బండతను ముట్టుకున్నాడు, సరిగ్గానే బిగించాడు. బావ తన కుర్చీ లాక్కుని రెండింటికీ సరిసమానమైన దూరంలో కూర్చున్నాడు. కొనేవాళ్ళను ఆయన పడేసే విద్య ఒకటుంది. కళ్ళు మూసుకుంటాడు. పాడే మనిషి గొంతు విప్పగానే కుడిచేతి చూపుడు వేలు నెమ్మదిగా లేచి, గాలిలో ఒకచోట ఆగుతుంది. "ఇదిగో, ఇక్కడ నిలబడింది. మీరు లేచి వెళ్ళి చెయ్యి పట్టుకోవచ్చు" అంటాడు. ఆ వేలు చూసి ఎంతమంది ఎన్ని పెట్టెలు పట్టుకెళ్ళారో.

జిగురమ్మ ఎప్పుడూ ముందుగదికి రాదు. ఇవాళ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మానికి ఆనుకుంది.

సూది రికార్డు మీద దిగింది. వీణ వచ్చింది. తర్వాత గొంతు.

బావ వేలు లేచింది. మధ్యకు వెళ్ళింది. ఆగలేదు. కొంచెం ఎడమకు జరిగింది, అక్కడ కాసేపు వణికి, కుడివైపుకు వచ్చింది. దారి తప్పిన ఈగలా గాలిలో తిరిగి, చివరకు ఒళ్ళోకి దిగిపోయింది. బావ కళ్ళు తెరిచాడు.

"ఎడమది కాస్త లోపలికి తిప్పరా."

బండతను తిప్పాడు.

"అంత కాదు. వెనక్కి తియ్. ఆఁ, ఉండు. ఉండు."

"పాట వస్తోంది కదండీ" అన్నాడు బండతను.

"నోర్ముయ్. హారన్ తప్ప ఏం తెలుసురా నీకు?" కుర్చీ అరచేతి వెడల్పు ముందుకు జరుపుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. వేలు ఈసారి తొడ మీది నుంచి సగం లేచి ఆగిపోయింది. "జిగురమ్మా. మధ్యలో ఏమైంది?"

"మధ్యలో ఏముంటుంది బావా? గాలి."

"వేళాకోళం కాదు. మనిషి లేదు అక్కడ."

"నాకు బాగానే ఉందే."

"రింగు కొత్తది కదా, బిగుసుకుందేమో?"

ఆయనే తప్పించుకునే దారి చూపించాడు. అవునంటే నెల రోజులు ఊరటగా ఉంటాడు. మూడు రోజులుగా నోట్లో నానుతున్న మాట ఆమె నాలుక చివరికి వచ్చింది. గుమ్మం వదిలి, నడిచి వెళ్ళి, పెట్టె మీద వేళ్ళతో తాళం వేసింది.

"మెత్తటి రింగే వేశాను. పెట్టె బాగానే ఉంది బావా. చెవులకు వయసొచ్చింది."

అని ఆయన ముఖంలోకి చూసింది. ఎక్కడో ఒకచోట గుర్తు తగలాలి. కనుబొమ్మ కదలాలి, రెప్ప ఆగాలి. ఆయన ముఖంలో భయం తప్ప మరేమీ లేదు. ఆ మాట తన నోటి నుంచి పుట్టిందని ఆయనకు తెలియదు. ఎవరి నెత్తినో రాయి విసిరినవాడికి రాయి గుర్తుండదేమో. అది ఆమెకు మింగుడు పడలేదు. కానీ భయం మాత్రం అచ్చం అదే. అమ్మ పీట మీది నుంచి లేచినప్పటి భయం.

"నిజంగానా?" అన్నాడు మెల్లగా.

"మీకు చెప్పేంతదాన్నా?"

బావ నవ్వబోయాడు. బండతను పెట్టెలు ఎత్తుకున్నాడు. గడప దాటుతూ బావ వెనక్కి తిరిగి, "ఏమన్నావ్?" అన్నాడు.

"నేనేమీ అనలేదు బావా."

ఆయన చెవి తమ్మెను వేళ్ళతో నులుముకుంటూ బండి ఎక్కాడు.

జిగురమ్మ వెనక గదికి వచ్చి కూర్చుని డబ్బా విప్పి రొట్టె తింది. చాలా ఏళ్ళ తర్వాత తిండి రుచిగా అనిపించింది. మాస్టారి కీచుమనే పెట్టెను ముందుకు లాక్కుని, గీతలు పడిన మరలను ఒక్కొక్కటే విప్పుతూ లెక్క వేసుకుంది. రేపో ఎల్లుండో మళ్ళీ తెస్తాడు. తను విప్పుతుంది, తుడుస్తుంది, బిగిస్తుంది, బాగానే ఉందంటుంది. కొత్త తీగలు వేయమంటాడు, వేస్తుంది. బాగానే ఉందంటుంది. నెలకోసారి. ఇక కొనేవాళ్ళ ముందు వేలు లేపడానికి జంకుతాడు. నలుగురిలో నవ్వడానికి ఆగుతాడు. ఆరేళ్ళు చాలు. అమ్మకు పట్టినన్ని రోజులు పడితే చాలు, ఒక్కరోజు కూడా ఎక్కువ అడగదు. అప్పటికి ఆయనకు డెబ్బై ఎనిమిది, తనకు అరవై తొమ్మిది. ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోవాలి. సాయంత్రం పూట నడవాలి. అలా తనలో తను మాట్లాడుకుంటూ, ఎండిన జిగురును గీకుతూ, నాన్న ఈలవేసే పాటొకటి ఈలవేస్తున్నానని ఆమెకు తెలియనే లేదు.

నాలుగున్నరకు ఫోన్ మోగింది. అక్క.

"చిన్నీ, బావ లేవట్లేదే."

"నిద్రపోతున్నారేమో లేపు."

"లేపాను" అంది అక్క. "డాక్టరు కూడా వచ్చి వెళ్ళాడు."

జిగురమ్మ ఫోన్ పెట్టి, విప్పిన మరలను ఒక్కొక్కటే డబ్బాలో వేసింది. దుకాణంలోని మూడు గోడ గడియారాలూ దేని సమయం అది కొట్టుకుంటున్నాయి. ఆరేళ్ళు అనుకుంది. ఆరు గంటలు కూడా కాలేదు. మోసపోయినట్టు అనిపించింది. బాకీ తీర్చకుండా ఊరు విడిచి పారిపోయినవాడి మీద వచ్చేలాంటి కోపం వచ్చింది. ఆ కోపం కింద ఇంకేదో ఉంది, దాన్ని చూడడానికి భయపడి లేచింది.

సంచిలో టంకం కర్ర, స్క్రూడ్రైవర్, బ్యాటరీ వేసుకుంది. ఆయన లేడు. ఆ పెట్టెలు ఇక అక్కవి, నాన్నవి. నాన్న వస్తువును వంకరగా వదలకూడదు. ఎవరూ లేని వేళ చూసి ఐదు నిమిషాల్లో సరిచేసేస్తే పోతుంది. బస్సులో నిలబడి, సంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని, ఆ ఐదు నిమిషాల పనిని మనసులో రెండుసార్లు చేసింది.

ఇంటి ముందు చెప్పులు గుంపుగా ఉన్నాయి. బావను లోపలి గదిలో మంచం మీద పడుకోబెట్టి, గడ్డం దాకా దుప్పటి కప్పారు. జుట్టు పొద్దున్న దువ్వినట్టే ఉంది. జిగురమ్మ కాళ్ళ దగ్గర నిలబడింది. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది, రాలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు దారి ఇచ్చారు. అక్క మంచం దగ్గర లేదు. ముందుగదిలో, రెండు పెట్టెల నడుమ నేల మీద కూర్చుని ఉంది.

"రా" అంది అక్క, పక్కన నేల తట్టి. కళ్ళు పొడిగా, ఎర్రగా ఉన్నాయి. "అన్నం కూడా తినలేదే. వచ్చిన దగ్గర్నుంచి ఇదే పని. నన్ను అదిగో ఆ కిటికీ దగ్గర నిలబెట్టి పేపర్ చదవమన్నారు. చిన్నగా చదవమన్నారు. నేను చదివింది చదివినట్టు తిరిగి చెప్పారు. ఒక్క మాట తప్పు పోలేదు, తెలుసా? 'వినిపిస్తోంది కదండీ' అంటే, 'నువ్వు గట్టిగా చదువుతున్నావ్' అన్నారు. గుసగుసగా చదివాను. అదీ చెప్పారు. అయినా నమ్మలేదు. తర్వాత నూనె వెచ్చబెట్టి దూదితో చెవుల్లో వేయమన్నారు. వేశాను. మళ్ళీ పాట పెట్టుకున్నారు. పాటైపోయినా సూది గీరుతూనే ఉంది. ఎందుకు తియ్యరని వచ్చి చూశాను."

జిగురమ్మ చెయ్యి సంచిలో స్క్రూడ్రైవర్ పిడిని పట్టుకుంది. "అక్కా, నువ్వు కాసేపు లోపల కూర్చో. ఆయన దగ్గర ఉండు. నేను ఇక్కడ సర్దుతాను."

అక్క కదలలేదు. "నాకూ అలాగే వినపడిందే. ఆయనకు చెప్పలేదు, బెంగపడతారని. ఇందాక పాట పెట్టినప్పుడు నాన్న వెళ్ళిపోయినట్టే అనిపించింది."

"నాన్నేమిటి?"

"ఇవి నాన్నవి కదే."

జిగురమ్మ చెయ్యి సంచిలోనే ఆగింది. బయట ఎవరో కుర్చీలు లాగుతున్నారు. "నీకు తెలుసా?"

"తెలియకేం? తెచ్చి పెట్టిన మొదటి రోజే తెలిసింది. వంటింట్లో ఉన్నాను. చేతిలో గిన్నె అలా పట్టుకుని నిలబడిపోయాను. మనింట్లో మధ్యాహ్నమే అది, అచ్చం." అక్క కుడి పెట్టె మీద చెయ్యి వేసి నిమిరింది. "నాకూ కావాలనిపించిందే. నువ్వు అమ్మ దగ్గర ఉన్నావ్. నాకేముందిక్కడ? రోజూ మధ్యాహ్నం ఆయన దుకాణానికి వెళ్ళాక పెట్టుకునేదాన్ని."

"నిద్రపోయేదానివి కదా నువ్వు."

"కళ్ళు మూసుకునేదాన్ని. నువ్వే నిద్రనుకున్నావ్."

"అమ్మ..." అంది జిగురమ్మ.

"అమ్మదేముంది? చెవులు తగ్గాయనుకుంది, సర్దుకుంది. పెద్దదైపోయింది కదే పాపం. బాధేం పడలేదు."

చివరి ఏడాది జిగురమ్మ పనినుంచి వచ్చి గుమ్మంలో "అమ్మా" అని పిలిచేది. లోపల చీకట్లో పీట మీద కూర్చున్న అమ్మ తల ఇటు తిరిగేది. పెదవులు విడివడేవి. పలకాలా వద్దా అని ఆ ముఖంలో జరిగే పోరాటం గుమ్మం దాకా కనపడేది. మళ్ళీ తల అటు తిరిగిపోయేది. అలాంటి సాయంత్రాలు ఎన్నో ఆమె ఒక్కత్తే చూసింది. అక్క పండక్కి వచ్చి వెళ్ళేది.

"అయితే చిన్నీ" అక్క ముఖం దగ్గరగా తెచ్చి, గొంతు తగ్గించింది. "ఆయన చెవుల్లాగే నావీ అయిపోతున్నాయా? ఇద్దరికీ ఒకేసారి ఎలా? నీకు తెలుస్తుందిగా, ఈ పనిలోనే ఉన్నావ్. పెట్టెలో ఏమైనా తేడా ఉందంటావా? లేక నావేనా? చెప్పవే."

చేతిలో పిడి వెచ్చగా ఉంది. ఎడమ పెట్టె జానెడు దూరంలో ఉంది. ఆమె నోరు తెరిస్తే చాలు. అక్క ఎదురుచూస్తోంది, తల కాస్త పక్కకు వంచి, మంచి చెవి ఏదో తెలియనట్టు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పుతూ.

జిగురమ్మ పిడి వదిలేసి, సంచి మూతి తాడు లాగి ముడి వేసింది. పెట్టెలో తేడా ఉందని అనలేదు.

అక్క ఆ ముడి వైపు చూసి, "సరేలే" అంది, తనను తనే ఊరుకోబెట్టుకుంటున్నట్టు. లోపలి నుంచి ఎవరో పిలిచారు. అక్క పలకలేదు. రెండోసారి పిలిచారు. "నన్నేనా?" అని అడిగింది చెల్లెలిని.

"నిన్నే. పద" అని భుజం పట్టి లేపింది జిగురమ్మ. అక్క గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళింది.

ముందుగదిలో రికార్డు తిరగడం ఆగి ఉంది. బావ కుర్చీ పెట్టెలకు సరిసమానమైన దూరంలో అలాగే ఉంది. దాని చెక్క చేతిపిడి మీద, ఆయన తీసి పెట్టిన రెండు దూది ఉండలున్నాయి, చెవి ఆకారం చెదరకుండా. నూనె చెక్కలోకి దిగి, వాటి చుట్టూ మచ్చ ఇంకా కొంచెం కొంచెంగా పెద్దదవుతోంది.